పత్థర్‌గట్టీ చెప్పే పాఠం

కోటలకు శాసనాలున్నవి, ప్రాసాదాలకు చిత్రపటాలున్నవి, రాజులకు వంశావళులున్నవి. వీథికి మాత్రం దాని పేరే చరిత్ర. వీథి రూపుమాసిన తరువాత కూడ పేరు కొంతకాలం నిలుస్తుంది గాని, ఆ పేరుకు అర్థం చెప్పగల వారు క్రమంగా కరవౌతారు. హైదరాబాదు పాత నగరాన్ని చూచినప్పుడు ఈ సంగతి స్ఫురించక మానదు.

మహాత్మాగాంధీ బస్సు స్టేషను నుండి ఫలక్‌నుమా వరకు సుమారు 5.5 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. దానికై దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా పోయే వీథిని వెడల్పు చేయవలసి వచ్చినది. 2025 ఆరంభంలో ఇండ్లను, దుకాణాలను కూల్చ మొదలుపెట్టినారు.

ఈ దారి పొడవునా ఉన్న పేర్లు వినదగినవి. దారుల్‌షిఫా అనగా ఆరోగ్య నిలయం. కుతుబ్‌షాహీల కాలంలో వైద్యశాల వెలసిన తావు అది. హరిబౌలి పేరులోని బౌలి అనగా దిగుడుబావి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరాన్ని నిర్మించినప్పుడు దాని రూపురేఖలు దిద్దినవాడని పేరుపొందిన మంత్రి మీర్ మోమిన్ సమాధి ఉన్న దాయిరా కూడ ఈ ప్రాంతంలోనిదే. ఒక వైద్యశాల, ఒక బావి, ఒక మంత్రి! నాలుగు శతాబ్దాల నగర జీవితం ఈ కొద్ది మాటలలో ఇమిడి ఉన్నది.

అట్లని, కూల్చుట అంతా అపచారమే అనుట న్యాయం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది ప్రాణాలను బలిగొన్నది. ఇరుకు సందులు, గాలి వెలుతురులు సోకని ఇండ్లు ప్రజల ఆరోగ్యానికి చేటని పాలకులు గుర్తించినారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. అది ఎన్నో పాత పేటలను తొలగించినది. పేదలకు ఇండ్లు కట్టించినది. వీథులను విశాలం చేసినది.

చార్‌కమాన్ దాటి నదివైపు పోయే పత్థర్‌గట్టీ ఆ మండలి కృషి ఫలమే. పత్థర్ అనగా రాయి. ఇరుప్రక్కల నల్లరాతి కమానులు బారులు తీరి ఉంటవి. క్రింద అంగళ్ళు, వాటి ముందు పాదచారులకు నీడనిచ్చే నడవ, పైన వసతి గదులు. ఎండలోను వానలోను జనం తడబడకుండ నడచిపోవచ్చును.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. నేడు మనం పాత నగర శోభయని ముచ్చటపడే పత్థర్‌గట్టీ ఒకనాటి క్రొత్త కట్టడం. అంతకు ముందున్న ఇరుకు వీథిని తొలగించి వెలసినది. అయినను దానిని ఎవరును నిందించరు. కారణమేమనగా, నాడు కూల్చిన వారు ఆ చోట ఏమి నిలువవలెనో కూడ ఆలోచించినారు. వీథి వెడల్పైనది గాని వీథిగానే మిగిలినది. వర్తకునికి అంగడి దక్కినది, బాటసారికి నీడ దక్కినది. వాహనానికి మాత్రమే దారి ఇచ్చి, నడిచేవానికి చోటు లేకుండ చేసే విస్తరణ ఈ కోవకు చెందదు.

ఆ తరం చేసిన మంచి పని మరొకటి కూడ ఉన్నది. 1912-15 నడుమ లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని సందు సందునా కొలిచి సవివరంగా పటాలు గీసినారు. నేడు మాసిపోయిన సందుల జాడ తెలియవలెనన్న పరిశోధకులు ఆ పటాలనే ఆశ్రయిస్తున్నారు. కొలత లేకుండ పోయిన వాటి మాట వేరు. నగర ప్రాకారానికి నాడు ఎన్నో దర్వాజాలుండగా, నేడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే మిగిలినవి. సాలార్‌జంగుల నివాసమై, 1951 నుండి 1968 వరకు వారి పేరిటి మ్యూజియానికి నెలవైన దివాన్ దేవిడీ కూడ కూలిపోయి, ఆ చోట అంగళ్ళు వెలసినవి. ఆ సౌధానికి ఆనవాలుగా ద్వారాలు మిగిలినవి.

కాలం మారినప్పుడు వీథులు మారక తప్పదు. రైలు రావలసినదే, రోగిని ఆసుపత్రికి చేర్చే వాహనం సాగిపోవలసినదే. అయితే గునపం పడకముందు కొలతబద్ద పడవలెను. కట్టడాన్ని కొలిచి, చిత్రించి, దాని కథను వ్రాసి ఉంచుట అధికారుల విధి. కాని అంతా వారిదే భారమనుకొనరాదు. ఉపాధ్యాయులు తలచుకొన్న ప్రతి పాఠశాలలోను ఈ పని సాగుతుంది. తమ ఊరి పాత వీథి ఒక్కటి తీసికొని, దాని పేరెట్లు వచ్చినదో, అందు ఏ వృత్తులవారు నివసించినారో, ఏ బావినీరు త్రాగినారో పెద్దలనడిగి విద్యార్థులచేత వ్రాయింపవచ్చును. కాగితం, కొలత టేపు, పెన్సిలు ఉంటే చాలును.

హరిబౌలిలో ఆ బౌలి ఏదని రేపు ఒక బాలుడు అడుగుతాడు. సమాధానం ఏదో ఒక పాఠశాల నోటుపుస్తకంలోనైనను ఉండవలెను.