ఫంగస్ మాత్రతో అల్సర్ తగ్గుతుందా?

పాత మందు కొత్త జబ్బుకు పనిచేస్తుందన్న మాట వినగానే ఆశ పుడుతుంది. చిత్తూరులో ఉండే మా పెదనాయనకూ అలాగే పుట్టింది. ‘‘ఫంగస్ మాత్రకి అల్సర్ తగ్గిపోతాదంట గదా! మీ పెద్దమ్మ తామరకి తెచ్చుకున్నవి ఇంట్లో ఉండాయి, యేసుకునేదా?’’ అని ఫోన్లో అడిగాడు. ‘‘వద్దు పెదనాయనా, ఆగు’’ అన్నాను. ఆయన మోకాళ్ల నొప్పులకు రోజూ పెయిన్ కిల్లర్ వేసుకుంటాడు. అసలు పుండుకు అదే కారణం కావచ్చు.

అయినా ఆయన ప్రశ్న తీసిపారేసేది కాదు. కారం, టెన్షన్ వల్లే అల్సర్ వస్తుందని ఒకప్పుడు డాక్టర్లూ నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపులోని హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచారు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి, కడుపు లోపలి పొర వాస్తుందని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అమీబా విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ కూడా అల్సర్ చికిత్సలో చేరింది. అయితే పరీక్షల్లో నెగ్గాకే!

మరి ఫంగస్ మందు సంగతి? కొందరి పుండ్లలో క్యాండిడా అనే ఫంగస్ కనిపిస్తుంది. ఎలుకల్లో అది చేరితే పుండు ఆలస్యంగా మానిందని 2005లో పోలండ్ పరిశోధకులు చెప్పారు. కానీ మనిషిలో అది పుండుకు కారణమా, పుండు పడ్డాక వచ్చి చేరిందా? తేల్చాల్సింది అదే.

ఇంకో చిక్కుంది. కీటోకోనజోల్ మాత్ర, ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. అల్సర్‌కిచ్చే పాంటోప్రజోల్ ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. పైలోరీకి వాడే క్లారిత్రోమైసిన్‌తో కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం. కీటోకోనజోల్ మాత్ర కాలేయాన్నీ దెబ్బతీయొచ్చు.

అందుకే 2019 నాటి మన నిబంధనల ప్రకారం, పాత మందును కొత్త జబ్బుకు వాడాలన్నా అనుమతి కావాలి. మనుషులపై పరీక్షించాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, ట్రయల్‌ను సీటీఆర్ఐలో నమోదు చేయాలి. పాల్గొనేవారికి వాళ్ల భాషలో వివరించి సంతకం తీసుకోవాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనే తప్పుకోవచ్చు.

అంతవరకూ మనం చేయాల్సింది ఒకటే. కడుపు మంట తగ్గకపోతే శ్వాస, మలం లేదా ఎండోస్కోపీ పరీక్షతో పైలోరీ ఉందో లేదో తేల్చుకోండి. వాడుతున్న పెయిన్ కిల్లర్ల పేర్లు డాక్టరుకు దాచకుండా చెప్పండి. విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా రుయానో, స్విమ్సో, వేలూరో అని ఆలోచించకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి.