ఎనిమిదవ తరగతి దాటాక

బడిలో ఫీజు లేకపోయినా పేద ఇంట చదువుకు ఖర్చు తప్పదు. నోటు పుస్తకాలు, బస్సు ఛార్జీలు ఒక ఎత్తు. పిల్లలు పనికి వెళ్తే వచ్చే కూలి ఇంటికి రాకపోవటం మరొక ఎత్తు. తల్లిదండ్రులకు ఎక్కువ బరువనిపించేది ఈ రెండవదే. అందువల్ల ఎనిమిదవ తరగతితో చదువు ఆపేవారు ఎందరో ఉన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా పద్నాలుగేళ్ల వయసు వరకే ఉచిత విద్యకు హామీ ఇస్తుంది.

ఈ మలుపులో ఆదుకోవడానికే కేంద్ర ప్రభుత్వం 2008లో ‘నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్’ పథకాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి చదివేవారికి ఆయా రాష్ట్రాలే పరీక్ష పెడతాయి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షల రూపాయలు మించరాదు. ఎంపికైనవారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. 2017కు ముందు ఇది 6,000 మాత్రమే.

నెలకు వెయ్యి రూపాయలు కూలికి సాటిరావు. అయినా పుస్తకాలకూ ఛార్జీలకూ ఇంట్లో చేయి చాచనక్కరలేదు. తెలుగులో దీనిని ఉపకార వేతనం అంటారు. ‘వేతనం’ అన్న మాట ఇక్కడ చక్కగా అతికింది. అయితే ప్రతి ఏడాదీ మళ్ళీ దరఖాస్తు చేయాలి. అది మరచితే, మార్కులు ఎన్ని వచ్చినా, సొమ్ము ఆగిపోతుంది.