పాతిక కిలోమీటర్ల బండి: రాయచోటి వీధులకు సరిపోయే వేగం

సాయంత్రం పూట రాయచోటిలో ఠాణా సర్కిల్ నుంచి బంగ్లా సర్కిల్ దాకా బండి మీద వెళ్లేవాళ్లకు మూడో గేరుతో పెద్దగా పని పడదు. అటు ఆటోలు, ఇటు తోపుడు బండ్లు, మధ్యలో ఆర్టీసీ బస్సు. వీరభద్రస్వామి బ్రహ్మోత్సవాల రోజుల్లోనైతే కర్ణాటక నుంచి వచ్చే భక్తులతో ఆ దారులు ఇంకా ఇరుకవుతాయి. 2011 జనాభా లెక్కల నాటికే 90 వేలు దాటిన ఊరిది. 2022లో అన్నమయ్య జిల్లా ఏర్పడి, రాయచోటి దాని కేంద్రంగా ఉన్న రోజుల్లో కలెక్టరేటు పనుల మీద వచ్చేవాళ్లూ తోడయ్యారు. గంటకు 100 కిలోమీటర్లు పోగల మోటారు సైకిలు కూడా ఇక్కడ 20 దగ్గరే ఆగుతూ, కదులుతూ పెట్రోలు తాగుతుంది.

ఇలాంటి వీధులకు తగ్గ వాహనం ఒకటుంది. జనం ఛార్జింగ్ బండి అనో, బ్యాటరీ బండి అనో పిలుచుకునే చిన్న విద్యుత్ స్కూటర్లలో అన్నిటికన్నా నెమ్మదైన రకం అది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దాన్ని మోటారు వాహనాల లెక్క నుంచే తప్పించాయి. మోటారు శక్తి 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలలోపు ఉండాలి. గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆ నమూనాను పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవన్నీ ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు, నడిపేవారికి లైసెన్సూ అక్కర్లేదు.

సీటు ఎత్తి, కాళ్లు పెట్టుకునే పలక విప్పి చూస్తే లోపల ఉండేది చాలా తక్కువ. ధర తక్కువగా ఉండే రకాల్లో ఎక్కువగా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు వరసగా కలిపి ఉంటాయి. మొత్తం 48 వోల్టులు. వాటి పక్కన అరచేతంత కంట్రోలరు పెట్టె. హ్యాండిల్ తిప్పినప్పుడు మోటారుకు ఎంత కరెంటు వదలాలో తేల్చేది అదే. మోటారు వెనక చక్రంలోనే ఇమిడి ఉంటుంది కాబట్టి గొలుసు, గేర్లు, కార్బురేటరు, ఇంజను ఆయిలు అన్న మాటే లేదు. కొంచెం ఖరీదైన వాటిలో లిథియం బ్యాటరీ వస్తుంది. అది బరువు తక్కువ, మన్నిక ఎక్కువ.

ఖర్చు లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు. 48 వోల్టులు, 28 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది దాదాపు 1.3 యూనిట్ల కరెంటు. ఛార్జింగ్‌లో వృథా అయ్యేదీ కలుపుకున్నా రెండు యూనిట్లు దాటదు. యూనిట్ 6 రూపాయలు పడే ఇంటికి బిల్లులో చేరేది 12 రూపాయల లోపే. దాంతో ఊళ్లో 40, 50 కిలోమీటర్లు తిరగవచ్చు. అంతే దూరానికి పెట్రోలు స్కూటరుకు ఇంచుమించు ఒక లీటరు, అంటే 100 రూపాయల పైమాట. మాసాపేట నుంచి బజారుకు, కొత్తపేట నుంచి బడికి, ఇంటి నుంచి మసీదుకో గుడికో ఆసుపత్రికో రోజూ తిరిగేవాళ్లకు ఒక ఛార్జింగ్‌తో రెండు మూడు రోజులు గడుస్తాయి. కొడుకులు కువైట్‌లో ఉండి, ఇంటి పనులన్నీ ఆడవాళ్ల మీదా పెద్దవాళ్ల మీదా పడిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. ఎత్తు తక్కువ, బరువు తక్కువ, గేరు లేని బండి వాళ్లకు చెయ్యగల మేలు పెద్దది.

వేగం తక్కువ కావడం ఈ బండికి లోటు కానే కాదు. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అందుకే నెమ్మదిగా పోయే బండికి చిన్న మోటారు, చిన్న బ్యాటరీ చాలు. ఢీకొన్నప్పుడు తగిలే దెబ్బకూ అదే లెక్క. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి 25లో ఉన్నదాని కన్నా నాలుగింతల శక్తి ఉంటుంది. పిల్లలు సందులోంచి ఒక్కసారిగా పరుగెత్తుకొచ్చే వీధుల్లో ఆ తేడా ప్రాణాల తేడా.

అయితే దీని హద్దు ఎక్కడుందో కూడా తెలియాలి. రాయచోటి నుంచి కడపకు 40వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే గువ్వలచెరువు ఘాటు దాటాలి. బండి, బ్యాటరీ, మనిషి కలిసి 150 కిలోలు అనుకుందాం. ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు మీద 25 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే 600 వాట్ల పైన శక్తి కావాలి. మోటారు నిలకడగా ఇచ్చేది 250. అంటే ఆ ఎత్తు మీద బండి గంటకు 10 కిలోమీటర్లు కూడా పోలేదు. వెనక లోడు లారీలు, ఎదురుగా బస్సులు. పాలకోవా కోసమని గువ్వలచెరువుకు ఈ బండి మీద బయలుదేరడం ప్రమాదాన్ని పిలుచుకోవడమే. ఇది ఊరి లోపలి బండి.

ఈ హద్దును దొంగచాటుగా దాటించే పనులూ జరుగుతున్నాయి. కంట్రోలరులో వేగానికి పెట్టిన కట్టడి తీసేస్తే అదే బండి 40, 45 దాకా పోతుంది. అమ్మేవాళ్లు అదొక సౌకర్యంలా చెబితే కొనేవాళ్లు సంబరపడతారు. కానీ 25 దాటిన క్షణాన అది చట్టం దృష్టిలో మోటారు వాహనం. రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు అన్నీ ఉండి తీరాలి. అవేవీ లేకుండా ఎవరినైనా గుద్దితే పరిహారం యజమాని జేబులోంచే పోతుంది. 25 వేగానికి సరిపడా పెట్టిన బ్రేకులు, టైర్లు ఆ వేగాన్ని ఆపలేవు కూడా. లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎనిమిదో తరగతి పిల్లాడి చేతికి తాళం ఇచ్చి, వెనక ఇద్దరు చెల్లెళ్లను కూర్చోబెట్టి బడికి పంపే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి. హెల్మెట్ చట్టం అడిగినా అడగకపోయినా తలకు అవసరమే.

మూడు చక్రాల ఈ-రిక్షాల దారి వేరు. ఢిల్లీలో నియమాలు లేకుండా తిరుగుతున్నాయని 2014 జూలైలో హైకోర్టు వాటిని ఆపేసింది. ఆ అక్టోబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2015లో చట్టాన్నే సవరించింది. వేగం 25 కిలోమీటర్లే అయినా వీటికి రిజిస్ట్రేషన్, డ్రైవరుకు లైసెన్సు తప్పనిసరి. డ్రైవరు కాక నలుగురిని, 40 కిలోల సామాను ఎక్కించుకోవచ్చు. సరుకు మోసే ఈ-కార్టుకు 310 కిలోలు హద్దు. హైదరాబాదులో మొదలైన గాయం మోటార్ వర్క్స్ విద్యుత్ ఆటోలు తయారుచేసి, ఛార్జింగ్ కోసం ఆగకుండా బ్యాటరీ మార్చుకుని సాగిపోయే పద్ధతి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జూన్‌లో ప్రభుత్వం చిన్న పురపాలక సంఘాలకు చెత్త సేకరణ కోసం 516 ఈ-ఆటోలు ఇచ్చింది. ఇంటింటి ముందూ ఆగి కదిలే ఆ పనికి ఇంతకన్నా తగిన బండి దొరకదు. ఆగి ఉన్నంతసేపూ మోటారు కరెంటు తాగదు, పొగ వదలదు.

బయటి దేశాలూ ఈ తక్కువ వేగం దారి తొక్కినవే. అమెరికా 1998లోనే తక్కువ వేగం వాహనాలకు ప్రత్యేక ప్రమాణం తెచ్చి, వేగాన్ని గంటకు 25 మైళ్లకు కట్టేసింది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ 2020లో తెచ్చిన ఆమి అనే రెండు సీట్ల బండి 45 కిలోమీటర్లు దాటదు. 2001లో బెంగళూరులో పుట్టిన రేవా అనే చిన్న విద్యుత్ కారు జీ-విజ్ పేరుతో లండన్ వీధుల్లో తిరిగింది.

రాయలసీమలో ఈ నెమ్మది బండికి అసలు పరీక్ష ఎండాకాలం. 40 డిగ్రీలు దాటిన ఎండలో బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. తిరిగొచ్చిన వెంటనే వేడి మీద ప్లగ్గు పెట్టకుండా అరగంటో గంటో నీడలో చల్లారనివ్వాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. నిజామాబాదులోనూ అదే నెలలో అలాంటి మరణం జరిగింది. ఆ తర్వాత రిజిస్టరయ్యే విద్యుత్ బండ్ల బ్యాటరీలకు కేంద్రం ఏఐఎస్-156 పేరుతో కఠినమైన పరీక్షలు పెట్టి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేసింది. నెమ్మది బండి కొనేవాళ్లు కూడా తమ బ్యాటరీ ఆ ప్రమాణానికి తూగుతుందా అని షోరూములో గట్టిగా అడగాలి. పడకగదిలో ఛార్జింగ్ పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన ఛార్జరు తప్ప వేరేది వాడకూడదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండేళ్లకు అటూ ఇటూగా మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి. 2019లో మొదలైన ఫేమ్-2 పథకం రాయితీకి కనీసం 40 కిలోమీటర్ల వేగం షరతు పెట్టింది కాబట్టి ఈ బండ్లకు అది దక్కలేదు. కొనే ధర, బ్యాటరీ ధర రెండూ సొంత డబ్బే.

కరెంటుకు మాత్రం ఈ ప్రాంతానికి కరువు లేదు. నంబులపూలకుంట, గాలివీడు మండలాల్లో పరుచుకున్న సౌర పార్కు 1,500 మెగావాట్ల సామర్థ్యంతో రూపొందింది. గాలివీడు రాయచోటి నియోజకవర్గంలోదే. ఇంటి మిద్దె మీద ఒక కిలోవాటు సౌర పలకలు వేసుకున్నా రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తుంది. 2024లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం దానికి 30 వేల రూపాయల రాయితీ ఇస్తుంది. ఇంటి కింది కొట్టు ముందే పగలంతా నిలిచి ఉండే వ్యాపారి బండికి ఆ కరెంటు సరిపోయి ఇంకా మిగులుతుంది. బస్టాండు, కూరగాయల మార్కెట్టు దగ్గర నీడపట్టున నాలుగేసి ప్లగ్గులు, తాళం వేసి వదిలే చోటు పురపాలక సంఘం ఏర్పాటు చేస్తే, సొంత మిద్దె లేని ఆటో డ్రైవర్లకూ అద్దె ఇళ్లవాళ్లకూ ఈ బండి అందుబాటులోకి వస్తుంది.