ఉప్పుగాలిలో ఓ చిన్న టైపు మిషను

సంచి జిప్పు సగంలోనే ఆగిపోయింది. పళ్ల మీద పచ్చటి చిలుము. కొవ్వొత్తి ముక్క రుద్ది మెల్లగా లాగితే మూత వచ్చింది. లోపల లేత పిస్తా రంగు ఒలివెట్టి, లెటెరా 22. మీటలన్నీ నల్లవి, ట్యాబ్ మీట ఒక్కటే కుంకుమ రంగు. విశాఖ వన్‌టౌన్‌లో పాత సామాన్లు అమ్మే ఆయన "మీటలన్నీ ఆడతాయి బాబూ, రిబ్బనొక్కటే లేదు" అన్నాడు. నేను 'ఏ' నొక్కాను. లోపలి పుల్ల సగం దాకా లేచి అక్కడే నిలబడిపోయింది. అయినా వదలబుద్ధి కాలేదు. బేరం 4,500 రూపాయలకు తెగింది.

హార్బర్లో టాలీ గుమాస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి నుంచి వచ్చిందట. సాయంత్రాలు ఇంటి దగ్గర బిల్లులు కొట్టి ఇచ్చేవారట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి ఆ ఇంటి కిటికీ అద్దాలు పగిలి, వానా గాలీ గదిలోకి కొట్టాయి. ఆ తర్వాత మిషను అటకెక్కింది. మళ్లీ దిగింది ఈ ఏడాదే.

నా దగ్గర ఇప్పటికే ఆఫీసు మిషన్లు నాలుగున్నాయి. గోద్రెజ్ ఒకటి, రెమింగ్టన్లు మూడు. గోద్రెజ్ వాళ్లు 1955లో మన దేశపు సొంత టైపు మిషను తెచ్చాక, టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఇలాంటి బరువైన మిషన్ల ముందే మా తరం కూర్చుంది. "ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అంటూ లోయరు పరీక్షకి నిమిషానికి ముప్ఫై మాటలు, హయ్యరుకి నలభై ఐదు. పోర్టబుల్ మాత్రం నాకు ఇదే మొదటిది. విప్పాక గానీ తెలియలేదు, ఇది ఆఫీసు మిషనుకి చిన్న తమ్ముడు కాదు, వేరే ఆలోచనలోంచి పుట్టిన వస్తువు.

అమెరికాలో షోల్స్, ఆయన మిత్రులు 1868లో పేటెంటు తీసుకున్న మిషనుని, తుపాకులూ కుట్టు మిషన్లూ చేసే రెమింగ్టన్ కంపెనీ 1874లో బజారులోకి తెచ్చింది. అందులో అక్షరాలు కాగితానికి అడుగు నుంచి తగిలేవి, కొట్టినదేమిటో వెంటనే కనపడేది కాదు. తర్వాత ముందునుంచి కొట్టే మిషన్లు వచ్చాయి. చేతపట్టుకుని పోయేవి కావాలన్న కోరికా పెరిగింది. 1912 నాటి కరోనా 3 నడుముకి మడిచి సంచిలో పెట్టుకునేది. 1920లో రెమింగ్టన్ పోర్టబుల్ పెద్ద మిషన్లలాగే నాలుగు వరసల మీటలతో వచ్చింది. 1950లో ఇటలీలో మార్చెల్లో నిట్సోలి రూపం గీస్తే, జుసెప్పె బెచ్చో లోపలి యంత్రాన్ని కూర్చాడు. అదే లెటెరా 22. ఎత్తు 8 సెంటీమీటర్లు, బరువు 3.7 కిలోలు. 1954లో ఇటలీవాళ్ల కొంపాస్సో దోరో బహుమతి దీనికి దక్కింది.

ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చింది? ప్రతి రేకునీ పలచన చేశారు, ప్రతి పుల్లనీ సన్నం చేశారు. పెద్ద మిషను రేకు మీద కాస్త తుప్పు పట్టినా పని ఆగదు. ఇందులో వెంట్రుక మందం తుప్పు చాలు, మీట నిలబడిపోతుంది. అందుకే విశాఖ గాలి దీనికి శత్రువు.

ఆ గాలి సంగతి కాస్త చెప్పాలి. సముద్రపు ఉప్పంటే వంటింటి ఉప్పొక్కటే కాదు, మెగ్నీషియం క్లోరైడు కూడా కలిసి ఉంటుంది. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాకా వస్తే గానీ నీరుకారదు. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. మన తీరంలో తేమ అంత కిందికి దిగే రోజులు అరుదు. కాబట్టి ఇనుము మీద వాలిన ఉప్పు రేణువు దాదాపు ఏడాది పొడవునా తడిగానే ఉంటుంది. ఆ ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము మీద చిన్న బ్యాటరీ నడవడమే. మెరుగు పూత ఉన్న చోట ఇంకా ప్రమాదం. పూతలో సూదిమొన అంత రంధ్రం ఉంటే తినడమంతా ఆ ఒక్క చోటే జరిగి, పైకి చుక్కలా కనపడుతూ లోపల గుంట పడుతుంది. నా మిషను కేరేజీ లీవరు మీద అలాంటి చుక్కలు పదకొండు లెక్కపెట్టాను.

విప్పగలిగిన మరల్ని నిమ్మ ఉప్పు నీళ్లలో వేశాను. తుప్పు కరిగి నీళ్లు తేనె రంగుకి తిరిగాయి. తీశాక వేడినీళ్లతో కడిగి, ఆ క్షణమే ఆరబెట్టాలి. కాసేపు ఏమరితే మళ్లీ ఎర్రగా పొర కట్టేస్తుంది.

మీటలు బిగుసుకుపోవడానికి కారణం మాత్రం తుప్పు కాదు, నూనె. అక్షరాల పుల్లలన్నీ అర్ధచంద్రాకారపు దిమ్మలో సన్నటి గాళ్లలో ఆడతాయి. ఎవరో ప్రేమ కొద్దీ ఆ గాళ్లలో నూనె పోశారు. ఏళ్లు గడిచి అది ధూళితో కలిసి బంకైంది. అక్కడ నూనె అక్కర్లేదు, పొడిగా ఉండాలి. నా మొదటి రెమింగ్టన్‌కి నేనూ అదే తప్పు చేసి, ఏడాది తర్వాత బాధపడ్డాను. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా కూర్చుని, తెల్ల పెట్రోలులో ముంచిన పళ్ల బ్రష్షుతో ఒక్కో గాడినీ కడిగాను. మూడోసారికి 'ఏ' పుల్ల తనంతట తానే కింద పడింది. టిక్కుమన్న ఆ చిన్న చప్పుడు కోసమే ఈ పనంతా అనిపించింది.

తర్వాత కేరేజీ, కాగితాన్ని మోస్తూ పక్కకి జరిగే భాగం. మిషను పక్కన ఒక చిన్న డబ్బాలో చుట్టిన స్ప్రింగు ఉంటుంది. డబ్బాకి కట్టిన తాడు కేరేజీని ఎడమకి లాగుతూ ఉంటుంది. పళ్ల చక్రం దాన్ని ఆపి ఉంచుతుంది. మీట కొట్టినప్పుడల్లా ఒక్క పన్ను వదిలి మళ్లీ పట్టేస్తుంది, గోడ గడియారంలో జరిగేది ఇదే. అంగుళానికి పది అక్షరాల మిషనులో ఆ ఒక్క అడుగు 2.54 మిల్లీమీటర్లు. స్ప్రింగుకి ఆ బలం ఎవరిచ్చారు? వరస చివర గంట మోగాక కేరేజీని కుడికి తోసే చెయ్యే. ఒక వరసకి కావలసిన శక్తంతా ముందు వరస చివర మనం దాచి ఇచ్చినదే.

నా మిషనులో ఆ తాడు తెగిపోయి ఉంది. బజారులో దొరకదు. ఫిషింగ్ హార్బరు దగ్గర వలల దుకాణానికి వెళ్లి, గాలానికి వాడే పేనిన దారం అడిగాను. దుకాణం ఆయన ఎంత బరువు చేపకని అడిగాడు. టైపు మిషనుకని చెబితే, లోపలి నుంచి మూడు రకాలు తెచ్చి, లాగి చూపించి, సాగనిది ఏరి ఇచ్చాడు. అది ఉప్పునీటికి పుట్టిన దారం, దీనికి సరిగ్గా తగింది. డబ్బాని నాలుగు చుట్లు తిప్పి, వేలు జారకుండా పట్టుకుని, దారం కొస కొక్కేనికి తగిలించాను. స్పేస్ బారు నొక్కితే కేరేజీ ఒక అడుగు వేసింది.

దీనిలో అక్షరాలు ఇంగ్లీషువి. తెలుగు మిషను ఒకటి కోసం ఇంకా వెతుకుతున్నాను. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చాక ఆఫీసులకి అవి కావలసివచ్చాయి. పరిమితమైన మీటల్లో గుణింతాలూ వత్తులూ ఇమడాలంటే ఒకటే దారి, కొట్టినా కేరేజీ కదలని మీటలు. అక్షరం ఉన్న చోటే దాని కొమ్మో వత్తో పడుతుంది. పళ్ల చక్రం పన్ను వదలకుండా చేస్తే సరి, పని జరిగిపోతుంది. ఇంత చిన్న మార్పులో మన లిపి ఒదిగిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొత్త అరంగుళం రిబ్బను పాత చక్రాలకే చుట్టి, మొదటి కాగితం కొట్టాను. అక్షరాలు బాగానే పడ్డాయి. కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే మాత్రం ఫుల్‌స్టాపు ఉన్న ప్రతి చోటా వెలుతురు చుక్క. రోలరు రబ్బరు ఏళ్ల తరబడి గాలి తగిలి రాయిలా గట్టిపడింది. చుక్క కొడితే కాగితం తూటు పడుతోంది. కొత్త రబ్బరు వేయిద్దామని రోలరు ఊడదీసి, టేబుల్ లైటు కింద అడ్డంగా తిప్పి చూశాను.

రబ్బరంతా సన్నటి గుంటలు. ఎడమ కొసన ఒత్తుగా ఉన్నాయి, ప్రతి వరసా అక్కడే మొదలవుతుంది కదా. మధ్యలో పలచబడ్డాయి. కుడి పక్క మళ్లీ రెండు వేళ్ల వెడల్పున ఒత్తుగా ఒక పట్టీ. బిల్లుల్లో రూపాయలూ పైసలూ పడే నిలువు వరస అది. ఆ పెద్దాయన అంకెలు అన్ని వేల కాగితాల మీదా ఒకే చోట పడ్డాయి.

రోలరుని మళ్లీ మిషనులో పెట్టేశాను. కాగితం వెనక ఇంకో కాగితం వేసుకుని కొడుతున్నాను.