సంఘంలో దొరికే శాంతి: నర్సంపేట నుంచి దోర్నకల్ దాకా

మనశ్శాంతి అనగానే ఏకాంతం, మౌనం, లోకవ్యవహారాలకు దూరంగా ఉండటం గుర్తుకు రావడం సహజమే అయినా, వరంగల్ జిల్లా నర్సంపేట, దానికి ఆగ్నేయంగా ఉన్న దోర్నకల్ పరిసరాల్లో శతాబ్దానికి పైగా వేళ్లూనుకున్న క్రైస్తవ సంప్రదాయం శాంతిని సంఘంతో, అంటే కలిసి ఆరాధించే విశ్వాసుల సముదాయంతో, ముడిపెట్టి చూసింది.

ఈ దృష్టికి మూలం బైబిలులోనే ఉంది. బందీగా ఉన్న అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖలో చింతను కృతజ్ఞతతో కూడిన ప్రార్థనగా మార్చుకోమని బోధించాడు కనుక, అలా కలిగే శాంతి కష్టాలు తీరాక దక్కే బహుమానం కాదు, కష్టాల నడుమనే నిలబెట్టే ఆసరా. ఆ శాంతి దేవుడితో సమాధానపడటంలో మొదలవుతుంది: యోగ్యతతో నిమిత్తం లేకుండా దేవుడు చూపే దయను ‘కృప’ అనీ, చేసిన తప్పును ఒప్పుకొని జీవితపు దిశ మార్చుకోవడాన్ని ‘మారుమనస్సు’ అనీ క్రైస్తవులు వ్యవహరిస్తారు. ప్రభువు నేర్పిన ప్రార్థన క్షమాపణ పొందడాన్నీ, ఇతరులను క్షమించడాన్నీ ఒకే విన్నపంలో కలుపుతుంది కాబట్టి, పొరుగువారితో పగ సాగిస్తూ దేవుడితో సమాధానపడటం ఈ విశ్వాసంలో కుదరదు.

దోర్నకల్ ప్రాంతంలో ఈ బోధ సామాజిక రూపం దాల్చింది. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడికి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆ కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు కావడంతో, దేవుని ఎదుట తామూ గౌరవం గల మనుషులమన్న ఎరుకే వారికి అంతరంగశాంతిలో మొదటి పాలు అయింది. పగలంతా కూలికి వెళ్లేవారి కోసం పల్లెల్లో ఉపదేశులు, అంటే బోధకులుగా నియమితులైన విశ్వాసులు, సాయంకాలపు ప్రార్థనలు నడిపేవారు.

చదువురానివారికి ఆ బోధను చేరవేసింది పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు రాగతాళాలతో కూర్చిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో చేరి ఇప్పటికీ ఆరాధనల్లో వినిపిస్తున్నాయి. ఒంటరిగా చెప్పుకోలేని దుఃఖాన్ని నలుగురి గొంతులతో కలిపి పాడుకోవడం వల్ల ఆ బాధ ఒక్కరిదే కాకుండా పోతుంది.

పత్తి, మిర్చి సాగుపై ఆధారపడిన ఈ ప్రాంతంలో అప్పుల భయం కొత్తది కాదు. 1997–98లో పత్తి పంట దెబ్బతిన్నప్పుడు వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలవరపరిచాయి. ప్రార్థన అప్పును రద్దు చేయదు, వైద్యానికి ప్రత్యామ్నాయమూ కాదు కనుక, కుంగుబాటుకు లోనైనవారిని సంఘపెద్దలు వైద్యుల దగ్గరకు గానీ, 14416 నంబరుతో 2022లో మొదలైన టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవకు గానీ చేర్చడం విశ్వాసానికి విరుద్ధం కాదు. బైబిలులోని కీర్తనల గ్రంథం నిండా విలాపాలున్నాయి, గెత్సేమనే తోటలో యేసు వేదనతో ప్రార్థించాడు అన్నప్పుడు, కన్నీరు అవిశ్వాసానికి గుర్తన్న అపోహకు తావుండదు.

యేసు మరణాన్ని స్మరిస్తూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు రాత్రి భోజనం అన్ని కులాలవారినీ ఒకే బల్ల దగ్గరకు పిలుస్తుంది. కులభేదాలు సంఘాల్లోనూ పూర్తిగా సమసిపోలేదు కనుక, విశ్వాసి కోరుకునే మనశ్శాంతి ఆ బల్ల దగ్గర పక్కన నిలిచినవారికి దక్కే గౌరవాన్ని బట్టి కూడా తేలవలసి ఉంటుంది.