చేలో పడ్డ రాయిని కడగొద్దు

ఆకాశం నుంచి రాయి పడిందంటే ముందు అయస్కాంతం పెట్టి చూస్తాం. అంటుకోలేదని గట్టు అవతలికి విసిరేయకండి. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లో దియోదర్ దగ్గర రెండు ఊళ్లలో పడ్డ ఉల్కలో ఇనుప లోహం బహు తక్కువ. ఒక ముక్క వేపకొమ్మకు తగిలి పగిలింది. అహమదాబాద్ శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే ఆబ్రైట్ అనే అరుదైన రకమని తేలింది. మన దేశంలో అంతకుముందు ఆ రకం పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ దగ్గర!

రకం తేల్చడానికి చిన్న ముక్కను కాగితం కన్నా పలచగా అరగదీసి మైక్రోస్కోపులో చూస్తారు. 20 గ్రాములో, బరువులో ఐదో వంతో, ఏది తక్కువైతే అది భద్రపరిస్తేనే ఉల్కకు అధికారికంగా పేరొస్తుంది. కనుక కడగొద్దు, సుత్తి వేయొద్దు. పసుపు కుంకుమలు అసలొద్దు. శుభ్రమైన కవరులో పొడిగా ఉంచి, పడ్డ చోటు, వేళ రాసుకుని, తహసీల్దారు ఆఫీసు ద్వారా హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే వారికి కబురు పెట్టండి.