వార్తల్లో పదం: ప్రీలాంచ్

‘మొత్తం ఇప్పుడే కట్టేస్తే సగం ధరకే ఫ్లాట్!’ హైదరాబాద్ శివార్లలో తొలిసారి ఇల్లు కొనేవారిని ఊరించే మాట ఇది. ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వద్ద నమోదు కాకముందే ఫ్లాట్లు అమ్మేయడమే ప్రీలాంచ్. కొనొచ్చా అన్నది అందరి ప్రశ్న. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదు తప్పనిసరైన ప్రాజెక్టుకు అది లేకుండా ప్రకటన ఇవ్వడమే ఉల్లంఘన. నమోదైతే కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. ప్రీలాంచ్ సొమ్ముకు ఆ కాపలా లేదు; అది మరో చోట భూమి కొనడానికి వెళ్లినా ఆపే ఏర్పాటు ఉండదు. కొందరు యూడీఎస్, అంటే స్థలంలో అవిభాజ్య వాటా, రిజిస్టర్ చేస్తామంటారు. అది మట్టిలో వాటాయే, కట్టిన ఫ్లాట్ కాదు. విక్రయ ఒప్పందం రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదన్నదీ చట్టమే. చెక్కు రాసేముందు తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నమోదు సంఖ్య సరిచూసుకోండి.